విడాకులైన ఇళ్ల పిల్లలతో మాట్లాడి రీసెర్చ్ చేయాలి, ఎలా మొదలుపెట్టాలి?

ఎంఎస్‌డబ్ల్యూ_సెకండియర్:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తున్నా, డిసర్టేషన్ (కోర్సు చివర రాసే రీసెర్చ్ రిపోర్ట్) టాపిక్ విడాకులు తీసుకున్న వాళ్ల పిల్లల అనుభవాలు. ఎవర్ని కదిపినా తల్లి ఎంత పడిందో తండ్రి ఏమన్నాడో చెప్తారు గానీ ఆ పిల్లాడు ఏమనుకున్నాడో ఒక్కరూ చెప్పరు, అందుకే 10 నుంచి 15 ఏళ్ల వాళ్లతోనే నేరుగా మాట్లాడదామని ఉంది. ఫ్యామిలీ కోర్టు దగ్గరకెళ్లి అక్కడికొచ్చే వాళ్లని అడగొచ్చా? అసలు ఏం అడగాలి?

రిటైర్డ్_లెక్చరర్:
కోర్టు దగ్గర మాత్రం వద్దమ్మా. కస్టడీ కేసు నడుస్తుంటే పిల్ల నోటి నుంచి ఏం వచ్చినా ఎవరో ఒకరికి సాక్ష్యం అయి కూర్చుంటుంది, రేపు లాయర్ వచ్చి నీ రికార్డింగ్ అడిగితే ఏం చేస్తావు? కేసు పూర్తిగా అయిపోయిన వాళ్లనే తీసుకో. దానికంటే ముందు ఎథిక్స్ కమిటీ (రీసెర్చ్ వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే కమిటీ) పర్మిషన్ కావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం తల్లో తండ్రో సంతకం పెడితే సరిపోదు, పిల్లలు కూడా ఒప్పుకోవాలి, 12 దాటిన వాళ్లయితే రాతపూర్వకంగా. అమ్మ సరే అన్నా పిల్ల వద్దంటే అక్కడితో లేచి వచ్చేయాలి, రెండోసారి బతిమాలకూడదు.

పీహెచ్‌డీ_వైజాగ్:
చదవడానికైతే జూడిత్ వాలర్‌స్టీన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్‌తో మొదలుపెట్టండి, ఆవిడ 1971లో కాలిఫోర్నియాలో 60 కుటుంబాల్లోని 131 మంది పిల్లలతో మొదలుపెట్టి 25 ఏళ్ల దాకా వాళ్లని కలుస్తూ వచ్చారు, బాధ పెద్దయ్యాక కూడా వెంటాడుతుందని ఆవిడ వాదన. వెంటనే మావిస్ హెథరింగ్టన్ అనే ఇంకో సైకాలజిస్ట్‌ని కూడా చదవండి, వర్జీనియాలో విడిపోని కుటుంబాలతో పోల్చి చూసి ఎక్కువమంది పిల్లలు కొన్నేళ్లకి నిలదొక్కుకున్నారని చెప్పారు. కానీ రెండూ అమెరికావే. మన దగ్గర చాలామంది అమ్మమ్మ ఇంట్లో మావయ్యల మధ్య పెరుగుతారు, అది అసలు వేరే కథ. ఇంకోటి, మన ఊళ్లలో కోర్టు గడప తొక్కకుండా పెద్దమనుషుల్లో కూర్చుని విడిపోయిన వాళ్లు బోలెడు, డిక్రీ (కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు) ఉన్న వాళ్లనే తీసుకుంటే ఇలా విడిపోయిన వాళ్ల పిల్లలందరూ మీ స్టడీలోంచి జారిపోతారు.

అమ్మమ్మగారిల్లు:
అక్కా, మా అమ్మానాన్న నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు విడిపోయారు. దయచేసి "నీకు బాధేసిందా" అని అడక్కండి, అలా అడిగితే అవును అనాలి కాబోలు అనుకుంటాం. నాకు బాధ ఉంది, కానీ రాత్రిళ్లు గొడవలు ఆగాక ప్రశాంతంగా నిద్ర కూడా పట్టింది, అది ఎవరితోనైనా అంటే తప్పేమో అని ఏళ్ల తరబడి చెప్పలేదు. సంక్రాంతి సెలవులకి ఎక్కడుంటావు, ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద ఎవరు సంతకం పెడతారు, పెళ్లిళ్లలో చుట్టాలు మీ నాన్న ఏడి అంటే ఏం చెప్తావు, ఇవి అడగండి, మిగతాది వాళ్లే చెప్తారు. విడిపోతున్నాం అని నీకు ఎవరు చెప్పారు అనేది కచ్చితంగా అడగండి. నాకైతే ఎవరూ చెప్పలేదు, నాన్న క్యాంపుకెళ్లారు అన్నారు, అంతే.

ఎంఎస్‌డబ్ల్యూ_సెకండియర్:
చాలా థ్యాంక్స్ అందరికీ, ముఖ్యంగా నీకు తమ్ముడూ/చెల్లీ. పెద్దమనుషుల్లో విడిపోయిన వాళ్లని కూడా కలుపుకుంటా, మా గైడ్‌తో రేపే మాట్లాడతా. మేడమ్, మాట్లాడుతుంటే పిల్ల ఏడ్చేస్తే ఏం చేయాలి?

రిటైర్డ్_లెక్చరర్:
ఫోన్ రికార్డింగ్ ఆపి పక్కన కూర్చో, ప్రశ్నలు వదిలేయ్. మొదలుపెట్టకముందే ఒక కౌన్సెలర్‌ని మాట్లాడి పెట్టుకో, టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, చైల్డ్‌లైన్ (పిల్లల హెల్ప్‌లైన్) 1098 నంబర్లు రాసిన కాగితం ప్రతి పిల్లకీ ఇవ్వు. ఆ రోజు రికార్డ్ చేసింది నీ స్టడీలో వాడాలా వద్దా అని తర్వాత ఆ పిల్లనే అడుగు.