సమస్య ఇచ్చి ఇంగ్లీషు నేర్పుతుంటే తెలుగులోనే తేల్చేస్తున్నారు, ఏం చేయాలి?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర రాత్రి ఏడున్నరకు పన్నెండు మందికి ఇంగ్లీషు చెబుతున్నాను. కమిషన్ కొట్ల గుమాస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాళ్లు. వ్యాకరణం ఎత్తితే ఆవలింతలే. అందుకని 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులతో మొదలుపెట్టిన పద్ధతిని పట్టుకున్నాను: ముందు సమస్య, దాన్ని తేల్చే క్రమంలోనే పాఠం.

మొన్నటి సమస్య ఇది. తేజ రకం మిర్చి బస్తాల్లో తేమ ఎక్కువగా ఉందని చెన్నై కొనుగోలుదారు సరుకు వెనక్కి పంపుతానంటున్నాడు. అతనితో ఫోనులో మాట్లాడి, తర్వాత ఈమెయిల్ రాయాలి. ఇక చూడండి, తరగతి సంతలా మారింది! తేమ ఎవరి తప్పు, తరుగు ఎంత తీయాలి అని అరగంట వాదించుకున్నారు, అంతా తెలుగులోనే. చివరికి ఈమెయిల్ రాసింది ఒక్క కుర్రాడు. యాభై దాటిన గుమాస్తాగారైతే "బేరం నేను కుదురుస్తాను మాస్టారూ, ఇంగ్లీషు సంగతి అబ్బాయి చూసుకుంటాడు" అన్నారు. నిజానికి ఆయన బేరం నాకూ నచ్చింది, అది వేరే విషయం.

చర్చను తెలుగులో సాగనిచ్చి, ఫోను సంభాషణ, ఈమెయిల్ మాత్రం ఇంగ్లీషులో అడగడం సరైనదేనా? కావలసిన మాటలు ముందే ఇవ్వాలా, తడబడ్డాక ఇవ్వాలా? భారమంతా ఒక్కరి మీదే పడకుండా పని ఎలా పంచుతారు? పెద్దవాళ్లకు ఇలా నేర్పిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి, శనివారం మళ్లీ తరగతి ఉంది.