పేస్ట్ మార్చాక ప్రాసెసర్ ఇంకా ఎక్కువ వేడెక్కుతోంది, ఎక్కడ తప్పు చేశాను?

అర్ధరాత్రి గేమర్:
అన్నలూ, ఒక డౌట్. నా ప్రాసెసర్ రైజెన్ 5 3600, డబ్బాలో వచ్చిన స్టాక్ కూలరే వాడుతున్నా. నాలుగేళ్లుగా విప్పలేదు, గేమ్ ఆడితే 85 డిగ్రీలు దాటుతోందని నిన్న ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చాను. కూలర్ పీకేటప్పుడు ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని సాకెట్లోంచి ఊడొచ్చేసింది, గుండె ఆగినంత పనైంది, అదృష్టం కొద్దీ పిన్నులేం వంగలేదు. పాతది తుడిచి మధ్యలో బియ్యపు గింజంత పేస్ట్ పెట్టి బిగించాను. ఇప్పుడు ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 60, లోడ్ ఇస్తే అర నిమిషంలో 95. ఒకాయన చుక్క చాలంటాడు, ఇంకొకాయన ఎక్స్ గుర్తు పెట్టమంటాడు, మరొకరు కార్డుతో మొత్తం పూయమంటారు. ఏది కరెక్ట్?

బెజవాడ ఎండ:
బియ్యపు గింజ తక్కువ బ్రో. ప్రాసెసర్ పైనుండే లోహపు మూత దాదాపు 40 మిల్లీమీటర్ల చదరం, అంచుల దాకా ఎలా పాకుతుంది? వీడియోల్లో బఠాణీ అంటారు కదా, పచ్చిదా ఎండుదా చెప్పరు 😄 నేనైతే కందిగింజ కన్నా కాస్త పెద్దది పెడతా. పైగా నీ చిప్‌లో కోర్లు ఉన్న ముక్క సరిగ్గా మధ్యలో ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. అందుకే మధ్యలో ఒకటి, నాలుగు మూలల వైపు చిన్న చుక్కలు పెడితే సేఫ్.

పాత స్క్రూడ్రైవర్:
పరిమాణం సంగతి పైన చెప్పింది నిజమే కానీ, ఆ ఒక్క తప్పుకే ఊరికే ఉన్నప్పుడు 60 రాదు. 95 అనేది ఆ చిప్ లిమిట్, అక్కడికి వెళ్లగానే అదే స్పీడు తగ్గించుకుంటుంది, అంటే కూలర్ సరిగా ఆనడం లేదనే నా అనుమానం.

పేస్ట్ పని వేడి లాగేయడం కాదు, రెండు లోహాల మధ్య కంటికి కనిపించని సందుల్లో ఉన్న గాలిని బయటికి నెట్టడం. రాగి ఉష్ణవాహకత 400 దగ్గర ఉంటే మంచి పేస్ట్‌ది పది లోపే, గాలిది 0.03 కూడా ఉండదు. కాబట్టి పేస్ట్ గాలి కన్నా ఎన్నో రెట్లు నయం, లోహం ముందు మాత్రం దిగదుడుపే. పొర ఎంత పలచగా ఉంటే అంత మంచిది, దాన్ని పలచగా నొక్కేది కూలర్ బిగింపు. చుక్కా ఎక్సా అని వాళ్లు కొట్టుకునేది రెండు మూడు డిగ్రీల తేడా కోసం.

మళ్లీ విప్పు, కానీ ఈసారి ముందు పది నిమిషాలు గేమ్ నడిపి వేడి చేసి, షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలన్నీ వదులు చేశాక కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లేపు. నీ బోర్డులో ఉండే ఏఎమ్4 రకం సాకెట్లో, ప్రాసెసర్‌ని పట్టుకునే లివర్ వేసున్నా ప్రాసెసర్ పైకి వచ్చేస్తుంది, నిటారుగా లాగితే నిన్న జరిగిందే మళ్లీ జరుగుతుంది. విప్పగానే తుడిచేయకు, పేస్ట్ ఎక్కడెక్కడ నలిగిందో ఆ ముద్ర చూడు. ఫోటో పెట్టు.

జీపీయూ గుమాస్తా:
ఇన్ని తిప్పలెందుకు, పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ (ద్రవంగా ఉండే లోహం) వేసేయ్, పది డిగ్రీలు దిగుతుంది.

పాత స్క్రూడ్రైవర్:
@జీపీయూ గుమాస్తా బాబూ, వాడి కూలర్ అడుగు అల్యూమినియం. లిక్విడ్ మెటల్‌లో గాలియం ఉంటుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా కరెంటు పాస్ చేస్తుంది, ఒక బొట్టు బోర్డు మీద పడితే షార్టే. కొత్తవాళ్లకి ఇలాంటివి చెప్పకండి దయచేసి.

అర్ధరాత్రి గేమర్:
విప్పాను అన్నా. సగం వైపు పేస్ట్ పలచగా నలిగి మెరుస్తోంది, రెండో సగంలో కింది మూల దగ్గర కూలర్ అసలు తగలనే లేదు, లోహం శుభ్రంగా అలాగే ఉంది. ఎందుకో తర్వాత అర్థమైంది. ఈ కూలర్‌కి బోర్డు వెనకున్న ప్లేట్‌ని పట్టుకుని ఉండేది ఆ నాలుగు స్క్రూలే, అవి తీయగానే ప్లేట్ కొంచెం వెనక్కి జారింది. నేను క్యాబినెట్ నిలబెట్టే బిగించా, ఒక స్క్రూ తిరుగుతున్నట్టే ఉంది కానీ ప్లేట్‌ని పట్టుకోలేదు!

ఈసారి వెనకనుంచి వేలితో ప్లేట్ నొక్కి పట్టుకుని, నాలుగూ కొంచెం కొంచెం పట్టించి, తర్వాత ఎదురెదురు మూలలు రెండేసి తిప్పులు బిగించుకుంటూ వచ్చా. ఐదు చుక్కలు పెట్టా. ఇప్పుడు ఊరికే ఉంటే 44, గంటసేపు గేమ్ ఆడినా 76 దాటలేదు, రూమ్‌లో ఏసీ కూడా లేదు. థాంక్స్ అన్నా 🙏

ఇంకో చిన్న డౌట్, నిన్న తుడిచింది ఇంట్లో మిగిలిన శానిటైజర్‌తో. పర్లేదా?

బెజవాడ ఎండ:
శానిటైజర్‌లో చాలావాటికి గ్లిజరిన్ కలుపుతారు, జిడ్డు పొర మిగులుతుంది. ఇప్పుడు టెంపరేచర్లు బాగున్నాయి కాబట్టి మళ్లీ విప్పకు. ఈసారి మార్చేటప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా తెచ్చుకో. పేస్ట్ సిరంజికి మూత పెట్టావా?

అర్ధరాత్రి గేమర్:
మూత ఎక్కడో పడిపోయింది, టేప్ చుట్టా 😅