అమెరికా నుంచి వచ్చిన రిసీవర్‌లో విజయవాడ కేంద్రం: డాబా మీద యాంటెన్నా కావాలా, ఫోను చాలా?

ఒంగోలు శ్రోత:
మా బావగారు టెక్సాస్ నుంచి వస్తూ తెచ్చిన హోమ్ ఆడియో రిసీవర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాము. పాటలకు దానికి సాటి లేదు గాని, విజయవాడ ఆకాశవాణి మాత్రం 840 దగ్గర బొంగురుగా వస్తుంది, వార్తలు చదివేవారి స, ష శబ్దాలు చీలినట్లు వినిపిస్తాయి. డాబా మీద యాంటెన్నా వేయించమని మెకానిక్, ఫోనులో వినమని పిల్లలు చెబుతున్నారు. ఏది సరైనదంటారు?

నెల్లూరు ట్రంకురోడ్డు:
పిల్లల మాటే సరైనది. ఆకాశవాణి కేంద్రాలు చాలావరకు ప్రసారభారతి యాప్‌లో దొరుకుతున్న రోజుల్లో డాబా ఎక్కి తీగలు కట్టడం వృథా ప్రయాస.

కావలి మిత్రుడు:
రెండు సలహాలూ అసలు లోపాన్ని తాకలేదని నా అభిప్రాయం. విజయవాడ మీడియం వేవ్ పౌనఃపున్యం 837 కిలోహెర్ట్జ్. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో అమర్చారు, అమెరికాలో ఆ ఎడం 10. అందువల్ల అక్కడి రిసీవర్ 830 నుంచి నేరుగా 840కి దూకుతుందే తప్ప 837 దగ్గర ఆగదు. చెన్నై 720, కడప 900 రెండు లెక్కలకూ సరిపోతాయి కనుక వాటిని పట్టి చూడండి. అవి శుభ్రంగా వచ్చి విజయవాడ ఒక్కటే చీలితే దోషం యాంటెన్నాది కాదు. డాబా మీద ఎంత పొడవు తీగ కట్టినా ఆ 3 కిలోహెర్ట్జ్ తేడా తీరదు, బొంగురు గొంతే ఇంకొంచెం గట్టిగా వినిపిస్తుంది.

ఎఫ్‌ఎమ్‌లోనూ ఇదే చిక్కు. అమెరికా సెట్లు చాలావరకు 101.3 నుంచి 101.5కు పోతాయి గనుక ఆకాశవాణి ఎఫ్‌ఎమ్ చానల్ చెన్నై రెయిన్‌బో 101.4 వాటి మధ్యన పడుతుంది. పైగా వాటిలో డీఎంఫసిస్ (ప్రసారంలో పెంచి పంపే సన్నని స్వరాలను రిసీవర్ తిరిగి తగ్గించే ఏర్పాటు) 75 మైక్రోసెకన్లు, మన ప్రసారాలకు 50. అందువల్ల తాళం, వయొలిన్ కాస్త మొద్దుబారుతాయి. ఇది మాత్రం ట్రెబుల్ పెంచితే సర్దుకునే విషయమే.

కొన్ని మోడళ్లలో ఈ ఎడం మార్చే అమరిక ఉంటుంది, కంపెనీ పుస్తకంలో ‘ట్యూనర్ స్టెప్’ అన్న మాట కోసం చూడండి. అమెరికాలో అమ్మేవాటిలో దానిని తీసివేయడమూ కద్దు. లేకపోతే ముల్లు తిప్పే పాత ట్రాన్సిస్టర్ ఒకటి తెచ్చి, దాని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి రిసీవర్ ఆక్స్‌కు (బయటి పరికరాలను కలిపే రంధ్రానికి) తీగ కలపండి. ముల్లుకు ఎడాలతో పని లేదు, 837 దగ్గర కచ్చితంగా నిలుస్తుంది.

నెల్లూరు ట్రంకురోడ్డు:
ట్రాన్సిస్టర్‌ను ఆక్స్‌కు కలపగలిగినవారు ఫోనునే కలపవచ్చు కదా? గరగర కూడా ఉండదు.

కావలి మిత్రుడు:
నెట్ ఉన్నంతసేపు మీ మాట కాదనను. అయితే మన తీరంలో తుపాను వస్తే ముందుగా పోయేవి కరెంటు, సెల్ టవర్లే. ఆ రాత్రి హెచ్చరికలు వినడానికి బ్యాటరీ ట్రాన్సిస్టరే పనికివస్తుంది. అదీగాక, యాప్‌లో ప్రసారం కొన్ని క్షణాలు ఆలస్యంగా వస్తుంది, గంటల సూచికతో గడియారం సరిచేసుకునే అలవాటున్నవారికి అది పనికిరాదు.

ఒంగోలు శ్రోత:
720 పట్టి చూశాను, తమిళం స్పష్టంగా వినిపించింది. మెకానిక్‌ను ప్రస్తుతానికి రావద్దని చెప్పి, పుస్తకం కోసం బావగారికి కబురు చేశాను.