డస్టర్ డీజిల్: టైమింగ్ బెల్ట్ మారుస్తూ, కారని ఆయిల్ సీల్ కూడా మార్చాలా?

రాజమండ్రి డస్టర్:
నాది 2014 డస్టర్, 85 పీఎస్ డీజిల్. 96 వేల కిలోమీటర్లు తిరిగింది, టైమింగ్ బెల్ట్ (పిస్టన్లకు కలిసిన క్రాంక్ షాఫ్ట్‌కీ, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌కీ మధ్య తిరిగే పళ్ల బెల్ట్) ఇంతవరకు మార్చలేదు. మొన్న డ్రైవర్ వైపు ముందు చక్రం లైనర్ తీసి చూస్తే క్రాంక్ పుల్లీ వెనకాల ఆయిల్ చెమ్మ కనిపించింది. చుక్కలు పడట్లేదు, కానీ తుడిస్తే రెండు రోజుల్లో మళ్లీ తడి.

ఇద్దరు మెకానిక్‌లను అడిగాను. ఒకాయన బెల్ట్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగుతుగా ఉంచేది), వాటర్ పంప్, క్రాంక్ సీల్, క్యామ్ సీల్ (ఆ షాఫ్టుల చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగులు) అన్నీ ఒకేసారి మార్చేద్దాం అంటున్నారు. రెండో ఆయన కారుతున్న క్రాంక్ సీల్ ఒక్కటే మారుద్దాం, క్యామ్ సీల్ పొడిగా ఉంది, కంపెనీ వేసిన దాన్ని కదపొద్దు అంటున్నారు. నెలకోసారి హైదరాబాద్ వెళ్లి వస్తుంటాం. దారిలో బెల్ట్ తెగితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినమంటారు?

బెజవాడ షెడ్డు:
అన్నా, ముందు ఒక మాట. పన్నెండేళ్ల బెల్ట్‌తో ఇక లాంగ్ డ్రైవ్ వద్దు. కిలోమీటర్లు తక్కువని ధైర్యం చేయకండి, బండి తిరిగినా తిరగకపోయినా రబ్బరు వయసు ఆగదు. ఇది డీజిల్ ఇంజన్, బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు కొట్టుకుంటాయి. హెడ్ (ఇంజన్ పైభాగం) దించాల్సిందే.

ఇక సీళ్ల సంగతి. నా మాట రెండూ మార్చమనే. సీల్ ఖరీదు వందల్లో ఉంటుంది, దాని దగ్గరికి చేరే కూలి వేలల్లో. ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో ఆనించి, కుడి మౌంటు విప్పి, క్యామ్, క్రాంక్ కదలకుండా లాకింగ్ పిన్నులు వేసి, పుల్లీ తీసి, కవర్లు తీసి... ఇదంతా బెల్ట్ కోసం ఎలాగూ చేస్తాం. క్యామ్ సీల్ ఏడాది తర్వాత కారడం మొదలైతే ఇంత పనీ మళ్లీ చేయాలి. పైగా ఆ ఆయిల్ పడేది కొత్త బెల్ట్ మీదే. ఆయిల్ తాగిన బెల్ట్ ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పళ్లు ఊడతాయి.

వాటర్ పంప్ గురించి ఆలోచన కూడా వద్దు, మార్చేయండి. ఈ ఇంజన్‌లో దాన్ని తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. పంప్ బేరింగ్ పట్టేస్తే బెల్ట్ పోతుంది.

గుంటూరు లోగాన్:
మేస్త్రీ గారూ, బెల్ట్, టెన్షనర్, పంప్ వరకు మీతో ఏకీభవిస్తాను. పొడిగా ఉన్న సీల్ మార్చడం మాత్రం ఒప్పుకోను. నా అనుభవం చెబుతాను.

నాది 2009 లోగాన్ డీజిల్, డస్టర్‌లో ఉన్న 1.5 లీటర్ల ఇంజన్ కుటుంబమే. బెల్ట్ మార్చినప్పుడు "పనిలో పని" అని బాగున్న క్యామ్ సీల్ కూడా మార్పించాను. మూడు నెలలకే అక్కడ ఆయిల్ మొదలైంది. విప్పి చూస్తే పాత సీల్ పీకినప్పుడు స్క్రూడ్రైవర్ మొన తగిలి షాఫ్ట్ మీద సన్నటి గీత పడింది. ఏ సీల్ వేసినా ఆ గీత వెంట ఆయిల్ వస్తూనే ఉంది. కొత్త బెల్ట్ తడిసి ముద్దయింది, అదీ మార్చాల్సి వచ్చింది. నేను ముట్టుకోకపోయి ఉంటే ఆ సీల్ ఇంకా ఎన్నేళ్లు ఉండేదో! అందుకే చెబుతున్నాను, కారనిదాన్ని కదపొద్దు.

బెజవాడ షెడ్డు:
మీకు జరిగింది అన్యాయమే. అయితే అది చేతి తప్పు, నిర్ణయం తప్పు కాదు. స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పీకేవాళ్లు క్రాంక్ సీల్‌ని కూడా అలాగే పీకుతారు, దానికి ఏం చేస్తాం?

కొత్త సీల్ వేసేటప్పుడు కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. టెఫ్లాన్ పెదవి (షాఫ్ట్‌కి ఆనే అంచు) ఉన్న సీల్ అయితే ఆయిల్ రాయకూడదు. పొడిగా, దాంతో వచ్చిన ప్లాస్టిక్ స్లీవ్ మీదుగా జార్చి ఎక్కించి, కొన్ని గంటలు ఆగాకే స్టార్ట్ చేయాలి. మామూలు రబ్బరు పెదవి అయితే కాస్త ఆయిల్ రాసి ఎక్కించాలి. ఈ తేడా తెలియక కొత్త సీల్ వారంలో కారిన బళ్లు మా షెడ్డుకు చాలా వచ్చాయి. షాఫ్ట్ మీద పాత సీల్ తిరిగిన చోట గోటికి తగిలేంత గాడి ఉంటే, కొత్తదాని పెదవి ఆ గాడిలో పడకుండా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కూర్చోబెడతాం.

ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యం. ఈ ఇంజన్‌లో క్రాంక్ మీద పళ్ల చక్రం కదలకుండా పట్టుకునేది బోల్ట్ బిగింపే. అక్కడ ఆయిల్ అంటుకుని ఉంటే చక్రం జారి టైమింగ్ తప్పొచ్చు. షాఫ్ట్ చివర, చక్రం లోపల, పుల్లీ ఆనే ముఖం జిడ్డు లేకుండా తుడవాలి. బోల్ట్ కొత్తదే వేయాలి. రాజమండ్రి అన్నా, మీ మెకానిక్‌ని ఈ ఒక్క మాట అడగండి. చెప్పలేకపోతే బండి అప్పగించకండి.

ఎకోస్పోర్ట్ వైజాగ్:
మధ్యలో నా సందేహం. మా ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్‌లో బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది కదా. మరి డస్టర్ బెల్ట్‌కి కొంచెం ఆయిల్ తగిలితే అంత భయం ఎందుకు?

పుణె తెలుగోడు:
దాని రబ్బరు వేరండీ, ఆయిల్‌లో తిరగడానికే తయారుచేసింది. డస్టర్‌ది పొడి బెల్ట్. అదీగాక ఆయిల్‌లో తిరిగే బెల్టులు కూడా అరిగి, ఆ పొడి ఆయిల్ పంప్ జల్లెడకు అడ్డం పడిన కేసులు ఉన్నాయి. మీరు సరైన గ్రేడ్ ఆయిల్ వాడుతూ, వేళకు మార్చండి.

అసలు ప్రశ్నకొస్తే, క్రాంక్ సీల్ ఎందుకు కారుతోందో ఎవరూ అడగలేదు. వయసే కావచ్చు. కానీ బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే గొట్టం) మడ్డి పట్టి మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్‌ని బయటికి నెడుతుంది. అది చూడకుండా ఎన్ని సీళ్లు మార్చినా మళ్లీ కారతాయి. ఇంకా, పైన రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) దగ్గర కారిన ఆయిల్ కిందికి జారి క్రాంక్ సీల్ కారినట్టే కనిపిస్తుంది. శుభ్రంగా కడిగించి, వంద కిలోమీటర్లు తిప్పి, పైనుంచి కిందికి చూడండి.

గుంటూరు లోగాన్:
ఇది సరైన మాట. నా మాట కూడా కొంచెం మార్చుకుంటున్నాను. సీల్ ఎక్కించే సరైన టూలు, లాకింగ్ పిన్నులు ఉన్న చోటైతే మేస్త్రీ గారు చెప్పినట్టు చేయొచ్చు. అవి లేని చోట పొడి సీల్ ముట్టుకోనివ్వొద్దు. ఫ్లైవీల్ వైపు సీల్ కూడా మార్చేద్దాం అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు, దానికి గేర్‌బాక్స్ దించాలి, బెల్ట్ పనితో దానికి సంబంధమే లేదు.

రాజమండ్రి డస్టర్:
అందరికీ ధన్యవాదాలు. నిన్న పని పూర్తయింది. కడిగించి తిప్పి చూస్తే ఆయిల్ రెండు చోట్ల నుంచి వస్తోంది: క్రాంక్ సీల్ నిజంగానే కారుతోంది, రాకర్ కవర్ మూల నుంచి కూడా కొంచెం జారుతోంది. బ్రీదర్ గొట్టంలో వేలికి అంటేంత మడ్డి ఉంది, శుభ్రం చేయించాను. పాత బెల్ట్ లోపలి అంచు ఆయిల్‌కి నల్లగా మెత్తబడి ఉంది. వేలితో వంచితే పళ్ల మొదట్లో పగుళ్లు. దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు గుండె ఝల్లుమంది. పోయిన నెల పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాద్ వెళ్లొచ్చింది ఆ బెల్ట్ మీదే.

క్రాంక్ బోల్ట్ సంగతి అడిగితే మొదటి మెకానిక్ అడక్కుండానే జిడ్డు తుడవడం గురించి కూడా చెప్పారు. ఆయనకే ఇచ్చాను. పిన్నులు, సీల్ టూలు ఆయన దగ్గర ఉన్నాయి కాబట్టి క్యామ్ సీల్ కూడా మార్పించాను. బెల్ట్ వేశాక పిన్నులు తీసి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా దిగుతున్నాయని చూపించాకే స్టార్ట్ చేశారు.

గుంటూరు లోగాన్:
సంతోషం అన్నా. తీసిన క్యామ్ సీల్ పెదవి ఎలా ఉంది? మెత్తగానే ఉందా?

రాజమండ్రి డస్టర్:
గట్టిపడింది. వంచితే ప్లాస్టిక్‌లా ఉంది. కానీ ఒక్క చుక్క కూడా కారలేదు, అది మాత్రం నిజం.