‘కలడో లేడో’ అన్నవాడు నాస్తికుడా, అజ్ఞేయవాదా?

నిన్న ఒకరు అడిగారు కదండీ, అథీస్ట్ అంటే నాస్తికుడు, అగ్నాస్టిక్ అంటే అజ్ఞేయవాది, అంటే దేవుడున్నాడో లేడో తెలీదనేవాడు, ఈ రెండోవాడు గట్టిగా చెప్పే ధైర్యం లేని నాస్తికుడేనా అని. కామెంట్లో మొదలెట్టా, పెద్దదైపోతోందని విడిగా పెడుతున్నా.

నాకు మాత్రం ఇవి వేర్వేరు ప్రశ్నలకి జవాబులనిపిస్తుంది. నమ్ముతావా అన్నది ఒకటి, తెలుసా అన్నది ఇంకోటి. మా అమ్మని అడిగితే "ఉన్నాడో లేడో నాకేం తెలుసురా, సాయంత్రం దీపం పెట్టకపోతే మాత్రం మనసొప్పదు" అంటుంది. తెలీదంటూనే నమ్మే మనిషి. తెలీదంటూ నమ్మని వాళ్ళూ మనలో బోలెడుమంది, కాబట్టి ఒకే మనిషి నాస్తికుడూ అజ్ఞేయవాదీ రెండూ అవ్వచ్చు, అందులో తిరకాసేం లేదు.

గజేంద్రమోక్షంలో పోతన కందం మనందరికీ నోటికొచ్చిందే:

కలఁ డందురు దీనులయెడఁ
గలఁ డందురు పరమయోగి గణములపాలం
గలఁ డందు రన్నిదిశలను
గలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో

ఇందులో ‘అందురు’ చూడండి, మూడుసార్లు వస్తుంది. ఉన్నాడని ఏనుగు తనంతట తాను ఒక్కసారి కూడా అనదు, అంటారు అంటారు అంటారు, అంతే, అన్నీ విన్న మాటలే, చివరికి ఆ ‘ఓ’లు రెండూ పెట్టి వదిలేస్తుంది. మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే వచ్చిన సందేహం అది, తీరిగ్గా కూర్చుని చేసిన వాదన కాదు. మళ్ళీ కాస్త ముందుకెళ్తే అదే ఏనుగు "నీవే తప్ప నితఃపరం బెఱుగ" అంటుంది. సందేహం తీరి పిలిచిందా అంటే అలా ఏం కనపడదు నాకు, తీరకుండానే పిలిచింది. ఈ పద్యం నాకు ఇంత ఇష్టం అందుకే.

ఇక మాటల సంగతి. నాస్తి అంటే లేదు, కానీ ఏది లేదు అన్నది ఆ మాటలో లేదు. మనుస్మృతి "నాస్తికో వేదనిందకః" అంటుంది, వేదాన్ని నిందించేవాడే నాస్తికుడని, అక్కడ గొడవ వేదంతో. అందుకే ఈశ్వరుణ్ణి ఒప్పుకోని సాంఖ్యులు కూడా, వేదాన్ని ఒప్పుకుంటారు కాబట్టి, ఆస్తిక దర్శనాల లెక్కలోకి వస్తారు. దేవుడు లేడనేవాడు అన్న అర్థమే ఇవాళ మనకి స్థిరపడిపోయింది, విజయవాడ నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు కూడా ఆ మాటనే దాచుకోకుండా పేరుగా పెట్టుకున్నారు.

అజ్ఞేయవాదం దగ్గరే నాకు పేచీ. అజ్ఞాతం అంటే తెలియనిది, అజ్ఞేయం అంటే తెలుసుకోవడానికి వీల్లేనిది. 1869లో ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ అగ్నాస్టిక్ అన్న మాట పుట్టించింది, ఆధారం లేనిచోట తెలుసని చెప్పుకోకూడదన్న పట్టుదలతో. మన అనువాదం దాన్ని ఇంకో మెట్టు ఎక్కించేసింది, "ఎవరికీ ఎప్పటికీ తెలీదు" అన్నట్టు. "ఇప్పటికైతే నాకు తెలీదండీ" అనేవాడికి ఆ చొక్కా వదులు.

సంశయవాది అనొచ్చుగా అని ఎవరో అంటారు, అది స్కెప్టిక్‌కి ఇచ్చేశాం. వాడుకలో మాత్రం దీనికి చక్కటి మాటే ఉంది, "ఏమో". దాన్నుంచి వాదం ఎలా కట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.