స్టేషన్ ఎదురుంగనే ఉన్నది, పోనీకి తొవ్వ లేదు: అర్జీల ఏం రాయాలె?

పట్టాల_అవతల:
సికింద్రాబాద్–మేడ్చల్ లైన్‌ల ఒక చిన్న స్టేషన్ పక్కన మా కాలనీ. 2023 ఏప్రిల్‌ల ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది, ప్లాట్ల రేట్లు లేచినయి. బాల్కనీల నిలబడితే ప్లాట్‌ఫాం కనబడతది. కానీ టికెట్ కౌంటర్, ద్వారం అన్నీ అవతలి దిక్కు. రోడ్డు మీదికెళ్లి పోతే రైల్వే గేటు కాడ ఆగి చుట్టు తిరిగి పోవాలె. అందుకే గోడ పగిలిన కాడ నుంచి అందరూ పట్టాలు దాటుతున్నరు, పిల్లలతోని సహా. అసోసియేషన్‌ల ఇప్పుడు రెండు పార్టీలు. ఖాళీ జాగల పెద్ద పార్కింగ్ అడగాలని ఒకరు. స్టేషన్ చుట్టూ ఎక్కువ అంతస్తులకు పర్మిషన్ ఇప్పిస్తే అన్నీ వాటంతటవే వస్తయని ఇంకొకరు. అర్జీ రాసుడు నా నెత్తిన పడ్డది. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

నెరూల్_జగిత్యాల:
అన్నా, నవీ ముంబైల ఇది ముందే ఆలోచించిన్రు. 1992ల మాన్‌ఖుర్ద్ నుంచి వాశికి రైలు వచ్చింది. ఖర్చుల మూడింట రెండొంతులు సిడ్కో (నవీ ముంబై కట్టిన సర్కారు సంస్థ) పెట్టింది, మిగతాది రైల్వే. స్టేషన్లు కూడా సిడ్కోనే కట్టింది. వాశి స్టేషన్ మీదనే ఆఫీసులు, సీవుడ్స్ మీద మాల్. కానీ అవన్నీ తర్వాతి ముచ్చట. పట్టాల కింద సబ్‌వే, రెండు దిక్కులా ద్వారాలు, బయటికి రాంగనే బస్సులు, రిక్షాలు: మాకు రోజూ అక్కరకొచ్చేది ఇదే. వానాకాలం కొన్ని సబ్‌వేలల్ల నీళ్లు నిలుస్తయి, అదొక తిప్పలు.

నక్షాల_మాస్టారు:
టౌన్ ప్లానింగ్‌లో నక్షాలు గీసి రిటైరయ్యాను. ఖర్చు వాటా మన దగ్గరా అంతే, ఎంఎంటీఎస్ రెండో దశలో మూడింట రెండొంతులు రాష్ట్రానిది. కాకపోతే సిడ్కో చేతిలో భూమి ఉంది, రైలు వచ్చాక పెరిగిన ధర దానికి దక్కింది. ఇక్కడ పెరిగిన ధర మీ ప్లాట్లలో ఉంది. ఫుట్‌పాత్‌కి డబ్బుల్లేవంటే మరి ఉండవు.

అంతస్తుల వాదన హైదరాబాద్‌లో నిలవదు. ముంబైలో ఎఫ్‌ఎస్‌ఐకి (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితి ఉంది కాబట్టి కాస్త ఎక్కువిస్తామంటే బిల్డర్ పరుగెత్తుకొస్తాడు. మనకు 2006లో 86వ నంబరు జీవోతో ఆ పరిమితే పోయింది. 2012 నాటి 168వ జీవోలోనూ ఎత్తు తేలేది ముందున్న రోడ్డు వెడల్పును బట్టే. స్టేషన్ల దగ్గరేమో సన్నని గల్లీలు. అందుకే వెడల్పు రోడ్లున్న కోకాపేటలో యాభై అంతస్తులు లేచాయి, అక్కడ ఎంఎంటీఎస్ లేదు.

పార్కింగ్ సంగతి. కారుకి, అది తిరిగే దారితో కలిపి, పాతిక చదరపు మీటర్లు వేసుకోండి. ఎకరానికి నూట అరవై కార్లు. కారుకొకరు దిగితే రైల్లో రెండు పెట్టెల సీట్లు నిండవు. అదే జాగాలో బస్సులు, షేర్ ఆటోలు తిరగనిస్తే ఎంతమంది వస్తారో మీరే లెక్కేసుకోండి. సైకిళ్లకు, బైకులకు ఒక మూల చాలు. 2017లో కేంద్రం తెచ్చిన విధానంలో కూడా స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల లోపల ఇళ్లు, ఆఫీసులు దగ్గరదగ్గరగా రావాలన్నారు, నడిచి రాగలిగే దూరం కాబట్టి.

సందేహాల_రావు:
అంతా బాగుంది మాస్టారూ, ఉన్న రైళ్లే తక్కువ. తొవ్వ వేసుకుని ఎక్కేది ఏం?

నక్షాల_మాస్టారు:
నిజమే. రైళ్లు పెంచమంటే టికెట్లు అమ్ముడవట్లేదంటారు. కౌంటర్ అవతల ఉంటే ఎలా అమ్ముడవుతాయి? అర్జీలో ఇదే మొదటి పేరా చేయండి.

పట్టాల_అవతల:
మంచిది సార్. రోజూ ఇంతమంది పట్టాలు దాటుతున్నరు, పానానికే ముప్పు అని గట్టిగ రాస్త.

నక్షాల_మాస్టారు:
ఆ ముక్క మాత్రం ఆలోచించి రాయండి. పట్టాలు దాటడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అంతమాత్రమే రాస్తే వచ్చి గోడ పూడ్చి పోతారు, మీకు దారి రాదు. ‘ఇవతల ఇన్ని ఇళ్లు, రైలెక్కేవాళ్లు ఇంతమంది, రెండో ద్వారం, టికెట్ మిషన్, లిఫ్ట్ ఉన్న ఫుట్ ఓవర్ బ్రిడ్జి కావాలి’ అని రాయండి. సబ్‌వే అడిగితే నీళ్లు తోడే మోటార్ కూడా కలిపి అడగండి. గోడ లోపలిది డీఆర్‌ఎం (రైల్వే డివిజన్ మేనేజర్) ఆఫీసుకి, గోడ బయటి రోడ్డు, దీపాలు, ఫుట్‌పాత్ మున్సిపాలిటీకి. రెండు అర్జీలూ ఒకే రోజు ఇచ్చి, ఒకదాని కాపీ రెండోదానికి జతచేయండి. నక్షా నేను గీసిస్తాను, గల్లీల వెడల్పులు టేపుతో కొలిచి పంపండి.