మాండలిన్ శ్రీనివాస్ కచేరీ క్యాసెట్‌లో శ్రుతి దిగిపోతోంది, ఎలా సరిచేయాలి?

1993లో నాన్న టేప్ చేసిన మాండలిన్ శ్రీనివాస్ గారి కచేరీని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. 90 నిమిషాల క్యాసెట్. మొదటి వైపు (A సైడ్) మొదట్లో తంబురా షడ్జమం (స) డి దగ్గర ఉంటే, 40వ నిమిషానికల్లా మెల్లగా సి షార్ప్‌కి, అంటే అర స్వరం కిందికి దిగిపోతోంది. హెడ్ స్పిరిట్‌తో తుడిచాను, బెల్ట్ మార్చాను, వేరే క్యాసెట్లు ఇదే ప్లేయర్‌లో బాగానే పలుకుతున్నాయి కాబట్టి తేడా రికార్డింగ్‌లోనే ఉంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ మొత్తం ఒకే శాతం మారిస్తే ఒక చివర కుదిరి రెండో చివర తప్పుతోంది. అందులోనే శ్రుతిని క్రమంగా మార్చే స్లైడింగ్ స్ట్రెచ్ పెడితే శ్రుతి నిలబడింది గానీ, ఆ తీగ మీద ఆయన జారుడుగా పలికించే గమకాలు అలుక్కుపోయాయి, ప్రాణమంతా అక్కడే కదా. తంబురాని ఆధారంగా పెట్టుకుని, గమకం చెడకుండా స్పీడ్‌ని మాత్రమే క్రమంగా సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా మీరు వాడి చూశారా?